నాలుగో అంతస్తు ఆవిడది

ఆవిడ పోయారన్న కబురు నాకు మీటింగులో ఉండగా తెలిసింది. లైబ్రరీ కింది అంతస్తులో కాఫీ కొట్టు ఎవరికివ్వాలన్నది ఆ రోజు చర్చ. బల్ల మీద బోర్లా పెట్టిన ఫోను వణికింది. తీసి చూశాను. ఆవిడ చెల్లెలి దగ్గరనుంచి ఇంగ్లీషులో రెండు ముక్కలు: అక్క ఈ ఉదయం వెళ్లిపోయింది, రేపు పొద్దున మా బ్లాకు కిందే అన్నీ. ఫోను మళ్లీ బోర్లా పెట్టేశాను. కాఫీ యంత్రం చప్పుడు చదువుకునేవాళ్లకి అడ్డం కాదా అని ఎవరో నన్నే అడుగుతున్నారు. ఏదో జవాబు చెప్పాను. సరిగ్గానే చెప్పినట్టున్నాను, రాసుకున్నారు.

మీటింగు అయ్యాక బాత్రూములోకి వెళ్లి మొహం కడుక్కున్నాను. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలేమో.

ఇప్పుడు నేను కూర్చుంటున్న కుర్చీ ఆవిడది. ఈ విశ్వవిద్యాలయం లైబ్రరీకి ఆవిడ చాలా ఏళ్లు డైరెక్టరుగా ఉన్నారు. నేను ఆవిడ కింద చేరి, ఆవిడ పక్కన నిలబడి, చివరికి ఆవిడ గదిలోకి వచ్చాను.

మొదటిసారి ఆవిణ్ణి చూసింది నా ఇంటర్వ్యూలో. మా ఊళ్లో లైబ్రరీ సైన్సు చదివి, పెళ్లయి సముద్రం దాటి ఈ దేశం వచ్చి, పాప బడికి వెళ్లేదాకా సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో ఇంటిపట్టునే ఉండిపోయినదాన్ని. మా ఆయన సైన్స్ పార్క్‌లో సాఫ్ట్‌వేరు పని చేస్తారు. కాంట్రాక్టు ఉద్యోగం ఒకటి పడిందని ఆయనే చూసి చెప్పారు. ఇంటర్వ్యూ బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు నా చదువు గురించి, మధ్యలో ఖాళీగా ఉన్న ఏళ్ల గురించి అడిగారు. మూడో మనిషి పొట్టిగా, నల్లగా, బాగా కురచగా కత్తిరించిన నెరిసిన జుట్టుతో ఉన్నారు. ఆవిడ కళ్లద్దాలు తీసి, రెండు వేళ్లతో కళ్లు నొక్కుకుని, ఒకే ఒక ప్రశ్న వేశారు.

"కోపం వస్తే ఏం చేస్తావు?" అని ఇంగ్లీషులో.

"వంటిల్లు సర్దుతానండీ" అన్నాను నోటికొచ్చింది.

పక్కన ఇద్దరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "మంచిది. ఇక్కడ సర్దాల్సినవి చాలా ఉన్నాయి" అన్నారు.

చేరిన మొదటి రోజు, వరండాలో ఎదురై, అటూ ఇటూ చూసి, తెలుగులో అడిగారు.

"ఏ వూరమ్మా మీది?"

నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ పేరు చూసి తమిళావిడ అనుకున్నాను అప్పటిదాకా.

"నరసరావుపేట అండీ."

"అదెక్కడున్నాదో నాకు తెల్దు. మాది సికాకులం కాడ. నాను సూడనేదు. మా నాయిన సెంబవాంగ్ నేవల్ బేస్‌ల పన్లోకొచ్చీసినాడు, తెల్లోళ్ల టయానికి. నాను ఈడే పుట్టినాను." అని కాస్త ఆగి, "మకాన్ అయిందేటి?" అన్నారు.

మకాన్ అంటే మలయ్‌లో తిండి. తిన్నావా అని అడుగుతున్నారని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆవిడ తెలుగు అలా ఉండేది. వాళ్ల నాన్న ఓడెక్కిన నాటి శ్రీకాకుళం మాట అలాగే నిలిచిపోయి, దాని మీద తమిళం, మలయ్ పేరుకున్నాయి. పెద్దవాళ్ల ముందు ఆవిడ ఇంగ్లీషు ఇస్త్రీ చేసిన బట్టలా ఉండేది. నాతో మాత్రం ఈ తెలుగు. "మా యమ్మ పోయాక ఈ బాస మాటాడ్డానికి మనిసే నేదమ్మా. మా సెల్లికి తమిళమే వస్తాది" అన్నారొకసారి. నన్ను ఉద్యోగంలోకి తీసుకోవడానికి ఇదీ ఒక కారణమేమో అని అడిగితే, "ఉండొచ్చు" అని ఒప్పేసుకున్నారు.

మేడమ్ అని పిలిస్తే ఊరుకునేవారు కాదు. ఇక్కడి పద్ధతి ప్రకారం ఆఫీసులో అందరూ ఆవిణ్ణి పేరు పెట్టే పిలిచేవారు. నాకు నోరు తిరగలేదు. "ఆంటీ అనీ. ఈ వూర్ల టాక్సీవోడి కాణ్నుంచి అందరికీ నాను ఆంటీయే" అన్నారు. నలుగురిలో ఏమీ పిలవకుండా నెట్టుకొచ్చి, ఒంటరిగా ఉన్నప్పుడు ఆంటీ అనేదాన్ని.

పొద్దున తలుపులు తెరవకముందే ఆవిడ అన్ని అంతస్తులూ ఒక చుట్టు చుట్టి వచ్చేవారు. లాగి వదిలేసిన కుర్చీలు బల్లల కిందికి తోస్తూ నడిచేవారు. ఆ పనికి మనుషులున్నారు కదా అంటే, "కుర్సీలు తోస్తుంటే ఎక్కడ ఎవుడు కూకున్నాడో తెలుస్తాది" అనేవారు. పరీక్షల రోజుల్లో పిల్లలు ఒక నీళ్లసీసానో, టిష్యూ పొట్లమో బల్ల మీద పెట్టి చోటు ఆపుకుని ఎటో వెళ్లిపోయేవారు. ఇక్కడ దాన్ని చోప్ చేయడం అంటారు. అలాంటి బల్ల మీద ఆవిడ చిన్న చీటీ రాసి పెట్టేవారు: "మీ నీళ్లసీసా పొద్దుటినుంచీ చదువుతోంది. అలిసిపోయింది. తీసుకెళ్లి పడుకోబెట్టండి." పిల్లలు ఆ చీటీలు ఫొటోలు తీసి ఒకరికొకరు పంపుకునేవారు. అవి రాసేది డైరెక్టరని చాలామందికి తెలియదు.

పాలనాభవనం గుట్ట మీద ఉంటుంది. అక్కడ మీటింగంటే ఆవిడ "పైకెల్లాల" అనేవారు. బల్ల కింద సొరుగులో నల్లటి ఎత్తుమడమల జోడు ఉండేది. పైకి వెళ్లే రోజున చెప్పులు విడిచి అవి తొడుక్కునేవారు. పాదాలు వాచి ఉండేవి. వంగి తొడుక్కుంటున్నప్పుడు ఆవిడ మొహం కనపడేది కాదు గాని, చిన్న మూలుగు వినపడేది. లేచి నిలబడేసరికి మొహం మామూలుగా అయిపోయేది.

ఆవిడ మాటల్లో రెండే మాకు ముఖ్యం. "సూద్దాం" అంటే ఆ పనికోసం కొట్లాడతారని. "సరే" అంటే ఓడిపోయి వచ్చారని. పత్రికల చందాలు పెరిగినా, మనుషుల్ని తగ్గించమన్నా, ఏసీ పాడైనా ముందు "సూద్దాం". ఏళ్లు గడిచేకొద్దీ "సరే"లు ఎక్కువయ్యాయి.

నాలుగో అంతస్తు గొడవ ఆ రోజుల్లోదే.

మా నాలుగో అంతస్తులో పుస్తకాలు తక్కువ, బల్లలు ఎక్కువ. మాట్లాడకూడదు, ఫోను మోగకూడదు. సాయంత్రాలు కిటకిటలాడేది. దాన్ని తీసేసి గాజు గోడలు కట్టి, కొత్తగా కంపెనీలు పెట్టే కుర్రాళ్లకు ఇవ్వాలని పైన అనుకున్నారు. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని పైకి వెళ్లారు. కంప్యూటరులో బొమ్మలు మార్చడం నా పని. మాట్లాడటం ఆవిడ పని. ఆ అంతస్తులో కూర్చునే పిల్లల గురించి చెప్పారు. చిన్న ఫ్లాటులో తమ్ముళ్లతో, టీవీతో ఒకే గదిలో ఉండేవాళ్లు. అద్దె గదుల్లో మంచం తప్ప మరేమీ లేనివాళ్లు. నేను తెర మీద ఫొటోలు మారుస్తున్నాను. బల్ల చుట్టూ ఉన్న పెద్దలు ఫోన్లు చూసుకుంటున్నారు. చెప్పడం అయిపోయాక విశ్వవిద్యాలయం అధ్యక్షుడు చాలా మర్యాదగా, "థాంక్యూ. రాసుకున్నాం" అన్నాడు. తరవాత, "కొత్త చోటికి మంచి పేరు కావాలి. మీరు పుస్తకాల మనుషులు కదా, లైబ్రరీ తరఫున ఒకటి ఆలోచించి చెప్పండి" అన్నాడు.

ఆవిడ అది కూడా రాసుకున్నారు.

కిందికి వచ్చే దారిలో, నీడకి కప్పు వేసిన నడవలో ఒక బెంచీ మీద కూలబడ్డారు. జోడు విప్పి పక్కన పెట్టారు. వచ్చేపోయే పిల్లలు చూస్తున్నా పట్టించుకోలేదు.

"ఈ పెద్దోళ్లకి నా గొంతు ఫేను సౌండులాగ ఇనిపిస్తాదమ్మా. తిరుగుతున్నాదని తెలుస్తాది. ఏటంటున్నాదో తెల్దు."

"ఏం చేద్దాం ఆంటీ?"

చాలాసేపు పాదాలు నలుపుకున్నారు. "సూద్దాం" అన్నారు.

ఆ వారంలోనే ఆవిడ ఇంజనీరింగు ప్రొఫెసరు ఒకాయన్ని క్యాంటీనుకు తీసుకెళ్లడం చూశాను. పెద్ద చైనీస్ ఆయన, గట్టిగా నవ్వుతాడు, పైన ఆయన మాటంటే గురి. ఇద్దరూ కాఫీ తాగుతూ చాలాసేపు కూర్చున్నారు. ఆవిడ వేలితో బల్ల మీద తడుతూ ఏదో చెబుతున్నారు. ఆయన తలూపుతున్నాడు, మధ్యలో నోరు కదుపుతున్నాడు, బళ్లో పిల్లాడు పద్యం అప్పగించినట్టు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తరవాతి మీటింగులో నాలుగో అంతస్తు మాట మళ్లీ వచ్చింది. ఆవిడ నోరు తెరవలేదు. ప్రొఫెసరు చెయ్యెత్తాడు.

"ఒక్కమాట చెబుతాను. ఇంట్లో బల్ల లేని పిల్లకి బల్ల ఇచ్చే చోటు ఈ క్యాంపస్‌లో ఇదొక్కటే. దాన్ని తీసేస్తే ఆ పిల్లతో మనం చెప్పేదేమిటి? ఇంటికి పో అనే కదా?"

గదిలో అందరూ తలెత్తారు. అధ్యక్షుడు పెన్ను కింద పెట్టాడు. "ఇలా మనం ఆలోచించలేదు" అన్నాడు. ఆ మాట అంతకుముందు మీటింగులో అవే పదాలతో ఆవిడ చెప్పారు. అప్పుడు తెర మీద ఒక మూల బల్ల మీద తల వాల్చి నిద్రపోయిన పిల్ల ఫొటో ఉంది. పెట్టింది నేనే. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ తల వంచుకుని, ఆ మాట ఇప్పుడే మొదటిసారి విన్నట్టు, శ్రద్ధగా రాసుకుంటున్నారు.

అంతస్తు నిలబడింది. గాజు గోడలు వేరే భవనానికి వెళ్లాయి.

దారిలో నేను ఆగలేకపోయాను. "ఆయన మాటా అది? మీ మాట! మొన్న మీరు చెబితే ఒక్కరూ తలెత్తలేదు. ఇప్పుడు ఆయన చెబితే ఆలోచించలేదంటారా?"

"అరవకు. అందరూ సూస్తన్నారు."

"మీకు కోపం రాదా?"

"నీకు పేరు గావాలా, ఫ్లోరు గావాలా?" అన్నారు. "నా మాట ఆడి నోట్లో పెట్టి పంపినాను. పనైపోనాది. సుసా ఎందుకు పడతావు?"

సుసా అంటే కష్టం. ఆవిడకి ఇష్టమైన మలయ్ మాట. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి నేను వంటింట్లో డబ్బాలన్నీ దించి మళ్లీ సర్దాను. "అమ్మా, who make you angry lah?" అని మా పాప గుమ్మంలో నిలబడి, మాట చివర లా తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో అడిగింది.

అక్కడితో అయిపోలేదు. ప్రొఫెసరు పేరు నాలుగో అంతస్తుకి అతుక్కుపోయింది. క్యాంపస్ పత్రికలో ఆ బల్లల మధ్య నిలబడి నవ్వుతున్న ఆయన ఫొటో వేశారు. కొత్తగా చేరిన విద్యార్థులకు అంతస్తులు చూపించేటప్పుడు మా సిబ్బందే ఆయన కథ చెప్పేవారు. ఆయన ఆ వాక్యాన్ని సభల్లో, విందుల్లో చెబుతూ పోయాడు. ఆవిడ పదవీ విరమణ సభలో అధ్యక్షుడు కూడా, "ఈమె హయాంలో, మన ప్రొఫెసరు చొరవ వల్ల" అంటూ అదే చెప్పాడు. అందరితోపాటు ఆవిడా చప్పట్లు కొట్టారు. నేను ఆవిడ చేతులనే చూస్తున్నాను. మామూలుగానే కొట్టారు, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆవిడకి అదేమీ పట్టదని నేను నమ్మేశాను.

విరమణ తరవాత సెంబవాంగ్‌లో చెల్లెలి ఫ్లాటులో ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు. ఒంట్లో బాగుండటం లేదని, రక్తం ఎక్కిస్తున్నారని విన్నాను. ఆవిడ స్థానంలో వచ్చినాయన ఎక్కువకాలం ఉండలేదు. ఆ కుర్చీ నన్ను తీసుకోమన్నారు. నాకు వద్దనిపించింది. వద్దని ముందు ఆవిడకి చెప్పాలనిపించింది. ఆదివారం మధ్యాహ్నం రైలెక్కి వెళ్లాను.

బాగా చిక్కిపోయారు. సోఫాలో, కాళ్లు స్టూలు మీద చాపుకుని కూర్చున్నారు. చెల్లెలు టీ ఇచ్చి లోపలికి వెళ్లింది. నేను చెప్పాల్సింది చెప్పాను. నా వల్ల కాదు, అలిసిపోయాను, మీలా పైకీ కిందికీ తిరగలేను అన్నాను. ఆవిడ నచ్చజెబుతారని, ఆడవాళ్లు ఆ కుర్చీలోకి రావాలని ఏదో అంటారని సిద్ధపడి వెళ్లాను.

"వద్దనుకుంటే వద్దను" అన్నారు. "లైబ్రరీ ఎక్కడికీ పోదు."

నాకు ఎక్కడో చిన్నబుచ్చినట్టయింది. "అంతేనా?"

"మరేటి సెప్పాల? ఆ పని నిన్ను తినీస్తాది. నన్ను తినీసింది. అన్నేళ్లల్ల అలిసిపోనావా అని నన్ను ఒక్కడూ అడగనేదు. నేదనే దాన్ననుకో, కానీ అడగనేదు." టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

"పోనీ, మీకు మళ్లీ మొదటినుంచీ ఆ కుర్చీ ఇస్తే కూర్చుంటారా?"

కిటికీలోంచి ఎదుటి బ్లాకులో ఆరేసిన బట్టల కేసి చూశారు.

"కూకుంటాను" అన్నారు. "కానీ ఆ ఫ్లోరు మాట మాత్రం ఇంకొకడి నోట్ల పెట్టను. నానే సెప్తాను. మళ్లీ మళ్లీ సెప్తాను. బల్ల మీద గుద్ది సెప్తాను."

"వినకపోతే? అంతస్తు పోతే?"

"పోతే పోనీ" అన్నారు. అని వెంటనే తల అడ్డంగా ఊపారు. "పోకూడదు. పాపం, పిల్లలు." గొంతు తగ్గించి, "ఆడు అది సెప్పినప్పుడల్లా నాకు ఇక్కడ నొప్పొస్తాదమ్మా" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు.

ఆవిడ వాచిన పాదాలు ఒళ్లో పెట్టుకుని నొక్కాను. వద్దనలేదు. వెళ్లొస్తానని లేచేటప్పుడు, ఆ కుర్చీ సంగతి మరి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మర్నాడు సరేనని పైకి కబురు పంపాను. ఎందుకని మా ఆయన అడిగితే ఆవిడ చెప్పిన ఆ నొప్పి గురించి చెప్పాను. ఆవిడ నచ్చజెప్పి ఉంటే తప్పకుండా వద్దనేదాన్ని.

కబురు వచ్చిన మర్నాడు పొద్దున సెంబవాంగ్ వెళ్లాను. బ్లాకు కింద, అందరి వాడకానికీ ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో ప్లాస్టిక్ కుర్చీలు, గుండ్రటి బల్లలు వేశారు. ఆవిణ్ణి పసుపు చీరలో, మెడదాకా పూలతో పడుకోబెట్టారు. కళ్లద్దాలు లేకుండా ఆవిడ మొహం నాకు కొత్తగా ఉంది. కాళ్లకు దణ్ణం పెట్టి వచ్చి ఒక కుర్చీలో కూర్చున్నాను. లైబ్రరీలో పనిచేసినవాళ్లు చాలామంది వచ్చారు. రిటైరైపోయినవాళ్లు, వేరే చోట్లకు వెళ్లిపోయినవాళ్లు, అందరూ ఒకళ్లనొకళ్లు చూసి ముసలివాళ్లమైపోయామే అనుకుంటున్నారు.

పక్క బల్ల దగ్గర ఇంజనీరింగు ప్రొఫెసరు ఉన్నాడు. ఆయనా రిటైరయ్యాడు. చేతిలో కర్ర. ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది, సందర్భానికి తగ్గట్టు కొంచెం తగ్గించాడు. ఆవిడ చెల్లెలికి, వాళ్ల బంధువులకి నాలుగో అంతస్తు కథ చెబుతున్నాడు.

"ఆవిడ చాలా దిగులు పడింది. అప్పుడు నేను లేచి ఒక్కమాట అన్నాను. ఇంట్లో బల్ల లేని పిల్లకి..."

నేను కుర్చీలోంచి లేచాను. లేవాలని అనుకోలేదు.

"ప్రొఫెసర్, ఆ మాట ఆవిడది" అన్నాను ఇంగ్లీషులో. నా గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "మీకంటే ముందు మీటింగులో ఆవిడే చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. ఎవరూ వినలేదు."

ఆవిడ చెల్లెలు నా మొహంలోకి చూసింది. చావింట్లో ఇదేమిటని ఆవిడ మేనమామ వరస పెద్దాయన తమిళంలో ఏదో గొణిగాడు.

ప్రొఫెసరు కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు.

"కరెక్ట్ లా" అన్నాడు. "ఆవిడదే. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, నోటికి వచ్చేదాకా వల్లె వేయించింది. నేను ఇంజనీరుని. నాకట్లాంటి మాట ఎక్కడినుంచి వస్తుంది?"

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?" అని అడిగింది చెల్లెలు.

"మొదట్లో ఆవిడే వద్దంది. బయటికొస్తే పని చెడుతుందంది." ఆగి, దగ్గి, "తర్వాత... జనం నన్ను మెచ్చుకుంటుంటే బాగుండేది" అన్నాడు. ముసలాయన మెడ ఎర్రబడింది.

చెల్లెలు అక్క పడుకున్న వైపు చూసింది. "మాకెప్పుడూ చెప్పలేదు. ఆఫీసులో ఏం చేస్తావే అంటే పుస్తకాల పని అనేది" అంది. తరవాత ప్రొఫెసరు కేసి తిరిగి, "ఆ మాటేమిటో మళ్లీ చెప్పండి. ఈసారి అక్క పేరు పెట్టి చెప్పండి" అంది.

ఆయన చెప్పాడు. పేరు పెట్టి, ఆవిడ ఎలా బల్ల మీద వేలితో తడుతూ నేర్పిందో, తను ఎక్కడెక్కడ తడబడ్డాడో అన్నీ చెప్పాడు. వింటూ చెల్లెలు ఏడ్చింది. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది.

మండాయ్ శ్మశానానికి తీసుకెళ్లే వాహనం రావడానికి ఇంకా టైముంది. ప్రొఫెసరు మెల్లిగా లేచి, కర్ర ఊతంతో పక్క బల్ల దగ్గరికి వెళ్లాడు. అక్కడ మా పాత సిబ్బంది ఉన్నారు, ఆయన కథ ఎన్నోసార్లు విన్నవాళ్లు, పిల్లలకి చెప్పినవాళ్లు. కుర్చీ లాక్కుని కూర్చుని, "మీకు నేనొక కథ తప్పుగా చెప్పాను" అని మొదలుపెట్టాడు. అది అయ్యాక ఇంకో బల్ల దగ్గరికి నడిచాడు.